మన చవర్లేటు లారీ: బోరు చేయించడమా, ఇంజన్ మార్చడమా?

క్యాంపు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న పాత లారీ సంగతి ఈ సంక్రాంతికి మళ్ళీ లేచింది. పెదనాన్నకి ఇప్పుడు ఎనభై నాలుగు. ఆ లారీ ఇంకొక్కసారి స్టార్ట్ అయితే వినాలని ఆయన కోరిక. తలా కొంత వేసుకుని డబ్బు పోగు చేశాం గానీ, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో తేలలేదు. లారీలో ఇప్పుడున్న ఆరు సిలిండర్ల పెర్కిన్స్ డీజిల్ ఇంజన్ దించి పూర్తిగా పని చేయించాలని కొందరం అంటున్నాం. అంత తిప్పలు ఎందుకు, జపాన్ నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ ఆరు సిలిండర్ల ఇంజన్ ఒకటి కొని పెడితే సెల్ఫ్ కొట్టగానే లేస్తుంది కదా అని తమ్ముళ్ళు. అసలు కంపెనీ ఇచ్చిన పెట్రోల్ ఇంజన్ చింతచెట్టు కింద పడి ఉంది, లారీ ఒరిజినల్‌గా ఉండాలంటే దాన్నే బాగు చేయించాలి అని హైదరాబాద్ బావ.

ఈ మాటలు మన ఇంట్లో కొత్తవి కావు. 1956లో తాతయ్య, చిన తాతయ్య దాదాపు ఇదే విషయం మీద నెల రోజులు వాదించుకున్నారు. అప్పుడేం జరిగిందో తెలియకుండా ఇప్పుడు నిర్ణయం చేస్తే బాగుండదనిపించి, తాతయ్య లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని, పెదనాన్నని కూర్చోబెట్టి అడిగి ఇది రాస్తున్నాను. కన్నడ మీడియంలో చదువుకున్న నాకు తాతయ్య గొలుసుకట్టు తెలుగు చదవడానికి మూడు ఆదివారాలు పట్టింది. సగం పదాలు పెదనాన్నే చదివి చెప్పారు.

కాలువ, రైలు, మధ్యలో లారీ

తుంగభద్ర డ్యామ్ పని 1945లో మొదలైంది. అప్పట్లో నదికి ఒక వైపు మద్రాసు రాష్ట్రం, ఇంకో వైపు నిజాం గారి హైదరాబాద్ సంస్థానం. 1953లో కాలువల్లోకి నీళ్ళు వదిలారు. మన ఎడమ కాలువ పొడవు 227 కిలోమీటర్లు. గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాల నల్లరేగడి మీదుగా అది రాయచూరు వైపు వస్తుంది. జొన్న, పత్తి, శనగ పండే మెట్ట భూములకి ఒక్కసారిగా నీళ్ళొచ్చాయి. మడి చేయడం తెలిసినవాళ్ళు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి, ఇక్కడి కన్నడ రైతుల దగ్గర భూమి కొనుక్కుని కాలువ పక్కన గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెలే క్యాంపులయ్యాయి. మన వాళ్ళూ అలా వచ్చినవాళ్ళే.

వడ్లు పండాయి సరే, పండినవి పోవడం ఎలా? రాయచూరుకి రైలు చాలా పాతది. బొంబాయి నుంచి వచ్చిన లైను, మద్రాసు నుంచి వచ్చిన లైను 1871లోనే రాయచూరులో కలిశాయి. అంటే దేశంలోని రెండు పెద్ద రేవులకీ రాయచూరు స్టేషన్ నుంచి నేరుగా దారి ఉంది. కానీ సింధనూరు నుంచి రాయచూరు దాదాపు 90 కిలోమీటర్లు. సింధనూరుకి రైలు వచ్చింది ఎప్పుడో తెలుసుగా, 2024లో! మధ్యలో డెబ్బై ఏళ్ళు వడ్లు, బియ్యం, ఎరువు, సిమెంటు, పెళ్ళివాళ్ళు, శవాలు, అన్నీ లారీ మీదే. వాన పడితే రేగడి బాటలో ఎడ్లబండి కూడా కదలదు. అందుకే అప్పట్లో లారీ ఉన్న ఇల్లంటే క్యాంపు మొత్తానికి అవసరమైన ఇల్లు.

ఆ రోజుల్లో ఏ ఇంజన్లు ఉండేవి

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం అమ్మేసిన ఫోర్డు, షెవ్రోలే లారీలు దేశమంతా తిరిగాయి. వాటినే డిస్పోజల్ లారీలు అనేవారు. వాటితో పాటు బెడ్‌ఫోర్డ్, డాడ్జ్, ఫార్గో. చాలావరకు పెట్రోల్ బళ్ళే. మన తాతయ్య రాయచూరులో ఒకాయన దగ్గర కొన్నది కూడా షెవ్రోలేనే, మన ఇంట్లో దాని పేరు చవర్లేటు. దానిలో ఉన్నది 216 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, అంటే మూడున్నర లీటర్లు. బోరు మూడున్నర అంగుళాలు, స్ట్రోకు మూడుముప్పావు.

ఈ ఇంజన్ మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగేది. కానీ దానికో గుణం ఉంది. కనెక్టింగ్ రాడ్ల బేరింగులు విడిగా దొరికే షెల్లులు కావు, రాడ్డులోనే తెల్ల లోహం కరిగించి పోసినవి. వాటికి ఆయిల్ కూడా పంపు ఒత్తిడితో నేరుగా అందదు, కింద తొట్టిలో ఉన్న ఆయిల్‌ని రాడ్డే ముంచుకుని చిమ్ముకోవాలి. మంచి రోడ్డు మీద, సరైన బరువుతో పోతే ఏళ్ళ తరబడి నడుస్తుంది. మన వాళ్ళు వేసింది సరైన బరువా? బస్తాల మీద బస్తాలు, ఆ పైన మనుషులు. లోడు ఎక్కువై, ఇంజన్ వేడెక్కి, ఆయిల్ పలచబడితే తెల్ల లోహం కరిగిపోతుంది. "రాడ్డు కొడుతోంది" అనే చప్పుడు అదే. ఇక మే నెల రేగడి దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. ఫిల్టరు దాటి లోపలికి పోయిన ప్రతి రవ్వా సిలిండరు గోడని, రింగుల్ని అరగదీస్తుంది. అప్పుడు పొగ, ఆయిల్ తాగడం, గట్టు ఎక్కేటప్పుడు లాగకపోవడం. ఇంజన్ బోరుకొచ్చింది అంటాం కదా, అదీ.

పాత ఇంజన్‌కి ఏం చేసేవారు

బోరుకొచ్చిన ఇంజన్‌ని దించి, హెడ్డు విప్పి, సిలిండర్లు ఎంత అరిగాయో, గుండ్రంగా ఉన్నాయా కోలగా అయ్యాయా కొలుస్తారు. కొద్దిగా అరిగితే రింగులు మార్చి వాల్వులు రుద్దుతారు. అది సగం పని. బాగా అరిగితే సిలిండరుని కొంచెం పెద్దది చేసి పెద్ద పిస్టన్ వేస్తారు. అలా రెండు మూడు సార్లు చేశాక గోడ పలచబడుతుంది, అప్పుడు స్లీవు కొట్టి మళ్ళీ మొదటి సైజుకి తెస్తారు. క్రాంకుని గ్రైండింగ్ చేయించాలి, దానికి తగ్గట్టు రాడ్లకి తెల్ల లోహం మళ్ళీ పోయించి, గీకి, షిమ్ములతో సరిపెట్టాలి. ఈ గీకుడు పనిలోనే ఉస్తాదు చెయ్యి తెలుస్తుంది.

ఇందులో ఒక మేలు ఉంది. 1949లో మద్రాసులో ఇండియా పిస్టన్స్ మొదలైంది, పిస్టన్లూ రింగులూ ఇక్కడే దొరకడం మొదలైంది. లేతు, మంచి చెయ్యి ఉంటే పాత ఇంజన్‌ని బతికించవచ్చు. కీడు కూడా ఉంది. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక తర్వాత, ఇక్కడే తయారు చేసే ప్రణాళిక లేని విదేశీ కంపెనీలు ఉండకూడదని ప్రభుత్వం తేల్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ రెండూ ఇక్కడ లారీలు బిగించడం మానేసి వెళ్ళిపోయాయి. జనరల్ మోటార్స్ బొంబాయిలో 1928 నుంచి ఉన్న కంపెనీ! షెవ్రోలే ఉన్నవాళ్ళు ఒక్కసారిగా దిక్కులేనివాళ్ళయ్యారు. బ్లాకు పగిలితే ఇంకో లారీ నుంచి ఊడదీసుకోవడమే గతి.

మన లారీకి 1955లో ఒకసారి బోరు చేయించారు. పుస్తకంలో "బోరు, స్లీవులు, తెల్ల లోహం" అని మూడు పద్దులు ఉన్నాయి. ఆ పని ఒక్క పంట కాలమే నిలిచింది. మరుసటి ఏడు కోతలయ్యాక మళ్ళీ రాడ్డు కొట్టింది.

పీటర్‌బరో నుంచి వచ్చిన దారి

ఇంగ్లండులో పీటర్‌బరో అనే ఊళ్ళో ఫ్రాంక్ పెర్కిన్స్, చార్లెస్ చాప్‌మన్ అనే ఇద్దరు 1932లో ఒక కంపెనీ పెట్టారు. డీజిల్ అంటే నెమ్మదిగా తిరిగే బరువైన ఇంజనే అనుకునే కాలంలో, పెట్రోల్ ఇంజన్ ఉన్న చోటే పట్టేంత చిన్నగా, చురుగ్గా తిరిగే డీజిల్ చేయాలన్నది వాళ్ళ పట్టు. 1937లో వచ్చిన పి6 అలాంటిది. ఆరు సిలిండర్లు, 4.73 లీటర్లు. చిత్రం ఏమిటంటే బోరు మన షెవ్రోలేదే, మూడున్నర అంగుళాలు. స్ట్రోకు మాత్రం ఐదు అంగుళాలు. అందుకే నెమ్మదిగా తిరుగుతూనే గట్టిగా లాగుతుంది. ఏ కంపెనీ లారీలోనైనా పెట్రోల్ ఇంజన్ తీసి దీన్ని పెట్టుకోవచ్చు అన్నదే దాని వ్యాపారం. ఇంగ్లండులో ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టర్లకి కూడా ఇదే ఇంజన్ పెట్టారు.

మన వైపు పెర్కిన్స్‌కి దారి మద్రాసు సింప్సన్ కంపెనీ. 1840లో గుర్రపు బళ్ళు కట్టడంతో మొదలైన కంపెనీ అది. అనంతరామకృష్ణన్ గారి అమాల్గమేషన్స్ చేతిలోకి వచ్చాక 1950లలో పెర్కిన్స్ డీజిళ్ళు మద్రాసులోనే తయారు చేయసాగింది. మన ఇంజన్ మాత్రం అంతకుముందుదే. దాని ఇత్తడి పలక మీద పీటర్‌బరో అని ఇప్పటికీ చదవొచ్చు. చెక్కపెట్టెలో మద్రాసు నుంచి రాయచూరు స్టేషన్‌కి రైల్లో వచ్చింది.

తాతయ్య, చిన తాతయ్య వాదన

తాతయ్య లెక్క సులువు. డీజిల్ పెట్రోల్ కంటే చవక, పైగా అదే గాలన్‌కి ఇంచుమించు రెట్టింపు దూరం పోతుంది. షెవ్రోలే సామాను ఇక రాదు. మళ్ళీ బోరు చేయిస్తే మళ్ళీ వచ్చే ఏడు అదే కథ.

చిన తాతయ్య మాట కూడా తీసేయాల్సింది కాదు. పెట్రోల్ ఇంజన్ రాయచూరులో ప్రతి ఉస్తాదుకీ తెలుసు, డీజిల్ పంపు విప్పడం తెలిసినవాడు జిల్లాలో లేడు అన్నారాయన. దారిలో ఆగితే పెట్రోల్ బండిని ప్లగ్గు తుడిచి అయినా ఇంటికి తేవచ్చు, దీన్ని ఎలా తెస్తావు? ఇంజన్ మారిస్తే సరిపోదు, లారీ అంతా మార్చాలి అని కూడా ఆయన ముందే చెప్పారట. అది నిజమే. డీజిల్ బరువు ఎక్కువ కాబట్టి ముందు కమాను కట్టలకి పట్టీలు చేర్చాల్సి వచ్చింది. ఇంజన్ కూర్చునే దిమ్మలు, గేరుబాక్సుకి కలిపే గిన్నె కొత్తగా చేయించారు. పెట్రోల్ ఇంజన్‌లా గాలి లాగే గుణం డీజిల్‌కి ఉండదు కాబట్టి బ్రేకు వాక్యూమ్‌కి వేరే పంపు పెట్టారు. నెమ్మదిగా తిరిగే ఇంజన్‌కి పాత డిఫరెన్షియలే ఉండడంతో లారీ స్పీడు తగ్గింది. నలభై మైళ్ళు పోయేది ముప్ఫైకి దిగిందని పెదనాన్న ఇప్పటికీ నవ్వుతారు.

అసలు చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. కొత్తగా కొన్న భూమికి ఇంకా బాకీ ఉంది. తాతయ్య రెండెకరాలు అమ్ముదామన్నారు. నీళ్ళొచ్చిన భూమి అమ్మితే మళ్ళీ రాదు అని చిన తాతయ్య ఒప్పుకోలేదు. ఆ వాదన అన్నదమ్ములు వేరు పడేదాకా వచ్చిందట. అప్పుడు నానమ్మ తన కాసులపేరు తీసి ఇచ్చింది. పుస్తకంలో దానికి ఒక్కటే వరుస, "పేరు అమ్మినది". ఎంతకి అని రాసి కొట్టేశారు. ఎందుకు కొట్టేశారో పెదనాన్నకీ తెలియదు. నానమ్మ మళ్ళీ కాసులపేరు చేయించుకోలేదు. లారీ డబ్బు మిగిలాక చేయించిన గొలుసు పెద్దత్తయ్య పెళ్ళికి పోయింది.

1956 వేసవిలో ఇంజన్ మారింది. అదే ఏడు నవంబర్ 1న రాయచూరు జిల్లా హైదరాబాద్ రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. ఒక్క ఏడాదిలో లారీకి ఇంజనూ మారింది, రాష్ట్రమూ మారింది.

ఎవరిది నెగ్గింది?

ఇద్దరిదీ కొంత కొంత. లారీ బాకీ తీర్చింది, పక్క క్యాంపుల వడ్లు కూడా మోసింది. అయితే రెండేళ్ళకి చిన తాతయ్య భయపడినట్టే డీజిల్ పంపు చెడి, మద్రాసు పంపి తెప్పించేదాకా సరిగ్గా కోతల్లో రెండు నెలలు ఆగిపోయింది. ఆ సీజన్‌లో మన వడ్లే పరాయి లారీల్లో పోయాయి.

దించిన షెవ్రోలే ఇంజన్‌ని చిన తాతయ్య పారేయనివ్వలేదు. తానే దగ్గరుండి బేరింగులు పోయించి, పెట్రోల్‌తో స్టార్ట్ చేసి వేడెక్కాక కిరోసిన్‌కి మార్చేలా చేసి, నీళ్ళ పంపుకి కట్టారు. కాలువ నీళ్ళు ఎక్కని మెరక ముక్కకి అదే నీళ్ళు తోడింది. బరువు మోయలేక కరిగిపోయిన ఇంజన్, ఒకేచోట కూర్చుని సమానంగా తిరిగే పని దొరికేసరికి పదేళ్ళు నడిచింది. కరెంటు మోటారు వచ్చాకే దానికి విశ్రాంతి. ఇంజన్ చెడ్డది కాదు, పెట్టిన పని చెడ్డది అని ఆయన అనేవారట. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో రోజూ చూసే సంగతి కూడా ఇదే కాబట్టి, ఈ మాట నాకు బాగా నచ్చింది.

దేశం చేసింది కూడా ఇదే

మన ఇంట్లో జరిగిన వాదన పెద్ద ఎత్తున దేశంలోనూ జరిగింది. 1954లో టాటాలు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో పదిహేనేళ్ళ ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. మన వాళ్ళు బెంజి లారీ అనేది దాన్నే. దానిలో ఉన్నది ఓఎం 312 అనే ఆరు సిలిండర్ల డీజిల్, 90 మిల్లీమీటర్ల బోరు, 120 స్ట్రోకు. 1969లో ఒప్పందం అయిపోయింది, ముందున్న నక్షత్రం పోయి టి అక్షరం వచ్చింది. ఆ తర్వాత టాటా 692 ఇంజన్ పేరు చూడండి: 6 అంటే ఆరు సిలిండర్లు, 92 అంటే బోరు. తర్వాతది 697, అంటే బోరు 97. తెచ్చుకున్న ఇంజన్‌నే ఆధారం చేసుకుని, దాని బోరు పెంచుకుంటూ పోయారన్న మాట. 1951లో బెంగళూరులో మొదలైన మైకో డీజిల్ పంపులు, నాజిళ్ళు ఇక్కడే చేయడంతో చిన తాతయ్య భయం కూడా మెల్లగా తీరింది. తర్వాత మళ్ళీ గాలి మారింది. టాటా, కమిన్స్ కలిసి జంషెడ్‌పూర్‌లోనే 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల కమిన్స్ ఇంజన్ చేశారు, అశోక్ లేలాండ్ జపాన్ హినో ఇంజన్లు తెచ్చింది. ఒక తరం తెచ్చుకోవడం, ఒక తరం దాన్ని సొంతం చేసుకోవడం, ఇలా నడిచింది.

మరి ఇప్పుడు?

తమ్ముళ్ళూ, జపాన్ ఇంజన్ వద్దని నేను అనేది పాతదాని మీద మోజుతో కాదు. బండిలో మార్పు చేయాలంటే 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చే మార్పులు కుదరవని 2019లో సుప్రీం కోర్టు కూడా చెప్పింది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నియమాలు 50 ఏళ్ళు దాటిన, సొంతానికి వాడే బైకులకీ కార్లకీ మాత్రమే. లారీకి ఆ దారి కూడా లేదు. కాబట్టి ఏ ఇంజన్ పెట్టినా ఈ లారీ మన వాకిలి దాటదు. వాకిట్లో తిరగడానికి కొత్త ఇంజన్, కొత్త దిమ్మలు, కొత్త గిన్నె ఎందుకు? ఆ ఖర్చులన్నీ 1956లో ఒకసారి పెట్టాం.

బావకి నా జవాబు: ఒరిజినల్ అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఉన్నదేనా? మన ఇంటికి వచ్చాక ఈ లారీ షెవ్రోలే ఇంజన్‌తో నడిచింది కొద్దికాలమే, పెర్కిన్స్‌తో పాతికేళ్ళు. ఈ లారీకి చరిత్ర అంటూ ఉంటే ఆ మార్పే దాని చరిత్ర. పైగా అందులో నానమ్మ కాసులపేరు ఉంది. షెవ్రోలే ఇంజన్‌కి తనదైన చరిత్ర ఉంది, అది నీళ్ళు తోడిన చరిత్ర. దాన్ని శుభ్రం చేసి, తుప్పు ఆపి, పంపుతో పాటు పక్కనే ఒక దిమ్మ మీద నిలబెడదాం. చిన తాతయ్య పిల్లలు అందుకు ఒప్పుకున్నారు.

పెర్కిన్స్‌ని దించి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. బ్లాకు పగలకుండా, క్రాంకు గ్రైండింగ్‌కి లొంగితే మిగతావి సాధ్యమే. పి6 పెట్టిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లని ఇంగ్లండులో ఇంకా ప్రేమగా చూసుకునేవాళ్ళు ఉన్నారు, గాస్కెట్లూ లైనర్లూ ఆ వైపు నుంచి వెతకొచ్చు. బ్లాకు పగిలి ఉంటే అప్పుడు మళ్ళీ కూర్చుని మాట్లాడదాం.

ఉగాది తర్వాత ఇంజన్ దించాలని అనుకుంటున్నాం. ఈలోగా ఎవరి ఇంట్లోనైనా లారీ పాత ఆర్‌సి పుస్తకం, మద్రాసు బిల్లు, రైలు రసీదు, లారీ ముందు దిగిన ఫోటో, ఏది ఉన్నా చూసి పంపండి. పెదనాన్నకి చూపిస్తే ఒక్కో కాగితానికి ఒక కథ చెబుతున్నారు. ఆయన చెబుతుండగానే రాసుకోవాలి.